జీను కొన్న మొనగాడు

నేను మొదటి జీను కొన్నది నా పిర్రల కోసం. ఇంతకంటే మర్యాదైన మాట దొరుకుతుందేమోనని చూశాను గానీ, జరిగింది అదే. దుకాణంలో కొయ్య స్టాండు మీద పెట్టిన జీను ఎక్కాను. రికాబుల్లో కాళ్ళు పెట్టి లేచాను, కూర్చున్నాను, అటూ ఇటూ కదిలి చూశాను. మెత్తగా ఉంది. తేనె రంగు తోలు, కమ్మటి వాసన. ఆ జీను ఎవరి వీపు మీద పడాలో ఆ ప్రాణి ఆ సమయానికి ఎక్కడో దొడ్లో గడ్డి మేస్తోంది. దుకాణం ఆయన "మీ గుర్రం ఏ జాతి?" అని అడిగాడు. "అరబ్బీ" అన్నాను. "వీపు ఎలా ఉంటుంది?" అన్నాడు. "బాగానే ఉంటుంది" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి బిల్లు రాశాడు. ఆ చూపు గౌరవమనుకున్నాను.

మేముండేది ఉత్తర కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల మొదట్లో. పక్కనే ఆబర్న్ ఉంది. దూరపు స్వారీకి ప్రపంచ రాజధాని తానేనని చెప్పుకునే ఊరు అది, చెప్పుకోవడంలో తప్పు కూడా లేదు. 1955లో వెండెల్ రోబీ అనే ఆ ఊరి పెద్దమనిషి, ఈ కాలపు గుర్రాలు ఒక్క రోజులో నూరు మైళ్ళు నడవలేవన్న వాళ్ళ నోరు మూయించడానికి కొందరు మిత్రులతో టాహో సరస్సు వైపు నుంచి కొండలు దాటి ఆబర్న్ చేరాడు. అదే టెవిస్ కప్ అయింది. తెల్లవారుజామున 5.15కి బయల్దేరిన వాళ్ళు మర్నాడు అదే వేళకి ఊరు చేరాలి. చేరినవాళ్ళకు ఇచ్చేది నడుం బెల్టుకు పెట్టుకునే ఒక వెండి బకిల్. దాని కోసం లోకం నలుమూలల నుంచీ వస్తారు, వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది అది లేకుండానే తిరిగి పోతారు. 1972లో ఈ ఆటకు అమెరికాలో ఒక జాతీయ సంఘం కూడా ఏర్పడింది. పూర్తి చేయడమే గెలవడం అన్నది ఆ సంఘం నినాదం.

గుర్రం పూర్తి చేస్తేనే మనం పూర్తి చేసినట్టు. దారి పొడవునా పశువైద్యులు ఆపుతారు. గుండె వేగం చూస్తారు, చర్మం గిల్లి ఎంతసేపటికి సర్దుకుంటుందో చూస్తారు, పొట్టకి స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వింటారు, ముందుకీ వెనక్కీ పరిగెత్తించి కుంటుతోందా అని చూస్తారు. వీపు తడుముతారు. ఒక్కొక్కదానికీ కార్డు మీద ఏ, బీ, సీ అని మార్కులు వేస్తారు. చదువుకున్నన్నాళ్ళూ మార్కుల కోసమే బతికిన తెలుగువాడిని. ఆ కార్డు చూడగానే ఈ ఆట నాదే అనిపించింది.

టెవిస్‌కు బయల్దేరేంత వెర్రి నాకు లేదు. కూతుర్ని స్వారీ క్లాసులకు దింపడానికి వెళ్ళేవాణ్ణి. అది కొన్నాళ్ళకు మానేసింది, నేను ఇరుక్కున్నాను. పాతిక మైళ్ళ స్వారీలు చేద్దాం, కుదిరితే యాభై అనుకున్నాను. ఒక అరబ్బీ ఆడగుర్రాన్ని కొన్నాను. కాగితాల్లో దాని పేరు మూడు అరబ్బీ మాటల పొడుగుంది. నుదుట తెల్ల మచ్చ ఉంది గనక మా ఇంట్లో చుక్క.

చుక్క మంచిది. కొత్త జీను వచ్చిన కొన్ని వారాలకు చెడ్డదయింది.

జీను పట్టుకుని వస్తుంటే పక్కకు జరిగేది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి అంటించి, మెడ తిప్పి నా మోచేతి దగ్గర గాలిని కొరికేది. కొండ ఎక్కేటప్పుడు బాగానే ఉండేది. దిగేటప్పుడు తల విసిరేది, అడుగులు కుదించి బిక్కుబిక్కుమంటూ దిగేది. అంతకు ముందు గాలిలా పోయిన దారిలో ఇప్పుడు రాళ్ళు తన్నుకునేది. వీటన్నిటికీ నా దగ్గర సమాధానాలున్నాయి. ఆడగుర్రం కదా, పొగరు అన్నాను. దాణాలో వేడెక్కువైందన్నాను. పళ్ళు చూపించాను. కళ్ళెం ముక్క మార్చాను. డెక్కలకు వేసే నాడాలు మార్పించాను. పొట్టలో పుండ్లేమోనని మందు పట్టించాను. ఒక శిక్షకుడికి నెలనెలా డబ్బు కట్టి దానికి "మర్యాద" నేర్పించాను. ఆయన నేర్పాడు కూడా. పట్టీ బిగించేటప్పుడు చుక్క కొరకడం మానేసింది. కదలకుండా నిలబడి కన్ను తెల్లగుడ్డు కనిపించేలా నన్ను చూసేది. మారిందని నలుగురికీ చెప్పుకున్నాను. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కిందని ఎవరినో అంటాం. గుర్రాన్ని హింసించి దాని మీదే చాడీలు చెప్పిన నన్నేమనాలి?

అన్నీ మార్చాను, జీను తప్ప. దానికి పెట్టిన డబ్బు నన్ను దాని వైపు చూడనివ్వలేదు.

మా నాన్న పెనుగంచిప్రోలు దగ్గర వ్యవసాయం చేసినవాడు. ఫోనులో ఒకసారి ఈ గొడవ చెప్పాను. అన్నీ విని, "వీపు మీద చెయ్యేసి చూశావురా?" అన్నాడు. "పైకేం పుండు లేదు నాన్నా" అన్నాను. "పుండు పడ్డాక చూసేదేముంది, గుడ్డివాడైనా చూస్తాడు. కాడి కట్టబోతే ఎద్దు మెడ లాక్కుంటోందంటే ముందు మెడ నొక్కి చూస్తాం గానీ ఎద్దుకి పొగరంటామా?" అన్నాడు. ఆయనకు గుర్రాల సంగతేం తెలుసు అనుకున్నాను. నాలుగు పుస్తకాలు చదివి, గుర్రం గుండెకు మానిటర్ కట్టి, దారికి జీపీఎస్ పెట్టి, తాగే నీళ్ళలో లవణాల లెక్క ఎక్సెల్ షీటులో రాసుకునేవాణ్ణి నేను. నాన్న ఇంటరు తప్పాడు.

నా మొదటి యాభై మైళ్ళ స్వారీలో సగం దారి దగ్గర ఆపినప్పుడు చుక్క గుండె వేగం తగ్గడానికి చాలాసేపు పట్టింది. లవణాలు తక్కువయ్యాయనుకున్నాను. పశువైద్యురాలు జీను తీయించి, వెన్నుకు రెండు పక్కలా రెండు వేళ్ళు పెట్టి, మూపు దగ్గర నుంచి నడుం దాకా నెమ్మదిగా నొక్కుకుంటూ పోయింది. జీను ముందు భాగం ఆనేచోటికి రాగానే చుక్క వీపు కిందికి కుంగింది. వేళ్ళ కింద నుంచి తప్పించుకున్నట్టుగా. మళ్ళీ నొక్కింది, మళ్ళీ కుంగింది. నడుం దగ్గరా అంతే. కార్డు మీద వీపుకు ఎదురుగా సీ వేసింది.

నేను వాదించాను. దాని చర్మం సున్నితం అన్నాను. కితకితలు అన్నాను! ఆవిడ కార్డు నా చేతికిచ్చి, "నొప్పికి కూడా గుండె వేగం పెరుగుతుంది, తెలుసా?" అని మాత్రం అంది. ఆ రోజు స్వారీ అక్కడితో ఆగిపోయింది. ట్రైలరులో చుక్కని ఎక్కించుకుని ఇంటికొస్తూ దారంతా ఆవిడను తిట్టుకున్నాను.

సరే, వీపు నొప్పే అనుకుందాం. అయితే మెత్త వేయాలి గదా. అంగుళం మందం ప్యాడు కొన్నాను. అది చాలక దాని కింద ఇంకోటి. ఇరుకు బూటులో వేలు నలుగుతోందని రెండో జత మేజోళ్ళు తొడిగినవాణ్ణి ఎక్కడైనా చూశారా? నేనే. జీను లోపల ఒక గట్టి చట్రం ఉంటుంది, ఇక్కడ ట్రీ అంటారు. దాని ముందు భాగం మూపుకు రెండు పక్కలా కాళ్ళు చాపి కూర్చుంటుంది. ఆ కాళ్ళ మధ్య ఎడం గుర్రం కంటే తక్కువైతే, ఎంత మెత్త పెడితే అంత బిగుసుకుంటుంది. ఈ లెక్కకు ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. చదివినా తట్టలేదు.

ఇంతకంటే ఘనకార్యం చెప్తాను. ఒకనాడు రెండు మూడు గంటలు తిప్పుకొచ్చి జీను తీస్తే వీపంతా చెమటతో నల్లగా తడిసి ఉంది, మూపుకు కాస్త వెనగ్గా రెండు పక్కలా అరచేతి కంటే చిన్నవి రెండు జాగాలు తప్ప. అవి పొడిగా, వెంట్రుకలు నిగనిగలాడుతూ ఉన్నాయి. నాకెంత సంతోషమేసిందో! అక్కడ రాపిడే లేదు గనక చెమట పట్టలేదనుకున్నాను. ఫోటో తీసి స్నేహితులకు పంపాను. "చూడండి, ప్యాడు ఎలా పనిచేస్తోందో" అని కింద రాశాను. జరిగిందేమిటంటే, చుట్టూ అంతా తడిసి మధ్యలో ఒక ముక్క పొడిగా మిగిలిందంటే అక్కడ ఒత్తిడికి చెమట గ్రంథులు పనిచేయలేదని అనుమానించాలి. జీను అసలు తగలని చోటు కూడా పొడిగానే ఉంటుంది, అది వేరే సంగతి. అక్కడ తగులుతోందా లేదా అన్నది చెయ్యి పెట్టి చూసుకోవాలి. నేను చెయ్యి పెట్టలేదు, ఫోటో తీశాను.

తరవాతి ఏడు పాత బొచ్చు రాలి కొత్తది వచ్చినప్పుడు ఆ రెండు చోట్లా వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. వెంట్రుక మొదట్లో రంగునిచ్చే కణాలు దెబ్బతింటే అక్కడ ఇక తెల్లదే మొలుస్తుంది. సామాన్యంగా మళ్ళీ నల్లబడదు. నుదుట చుక్క దాని తల్లి ఇచ్చింది. ఈ రెండూ నేను పెట్టాను.

అప్పటికి నాకు భయమేసింది. భయమేస్తే నేను చేసే పని ఒకటే: ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టడం. ఇరుకు కదా పాత జీను, అయితే వెడల్పుది కొందాం. ఈసారి పెద్ద పేరున్నది, బాగా వెడల్పుది తెచ్చాను. అది మూపు మీదకి జారి కూర్చుంది. ఎముకకూ జీనుకూ మధ్య చిటికెన వేలు దూరే సందు కూడా లేదు. పైగా ముందూ వెనకా ఆని, మధ్యలో వంతెనలా లేచి ఉంది. నా బరువంతా నాలుగు చోట్ల పోగుపడింది. జీను పని ఉన్న బరువును వీలైనంత ఎక్కువ జాగాలో పరచడం, వెన్నుపూస మీద మాత్రం ఏమీ పడనివ్వకపోవడం. అందుకే మధ్యలో మొదటినుంచి చివరిదాకా మూడు వేళ్ళు పట్టే కాలువ ఉంచుతారు. నేను కొన్న రెండు జీన్లలో ఒకదానికి కాలువ వెనక్కి పోయేకొద్దీ సన్నబడిపోయింది, రెండోది సరిగ్గా ఆననే లేదు. వెడల్పు అని చీటీ మీద రాసినంత మాత్రాన ఏ గుర్రానికి వెడల్పో అందులో ఉండదు. ఒకరి మీడియం ఇంకొకరికి వైడ్. చొక్కాలు కొనేటప్పుడు ఈ సంగతి నాకు బాగానే తెలుసు.

చివరికి జీన్లు సరిచేసే ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళానంటే ఆవిడే వచ్చింది, వెనక పనిముట్లు వేసుకుని చిన్న ట్రక్కులో. నేను రెండు జీన్లూ కంచె మీద వరసగా పెట్టి, చుక్క వీపు ఆకారం వంగే రూలుతో గీసిన కాగితాలు, కొలతల పట్టిక పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ జీన్ల వైపు చూడలేదు. కాగితాలు తీసుకుని ఎగిరిపోకుండా వాటి మీద ఒక రాయి పెట్టింది. చదును నేల మీద గుర్రాన్ని నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబెట్టమంది. వెనకాల స్టూలు ఎక్కి పైనుంచి చాలాసేపు చూసింది. "ఎడమ జబ్బ పెద్దది, కుడి చిన్నది. ఎప్పుడైనా గమనించారా?" అంది. లేదు. అయిదడుగుల దూరం నుంచి రోజూ చూసే గుర్రం.

తరవాత డొక్కలో కడపటి పక్కటెముకను వేళ్ళతో పట్టుకుని, అది పైకి ఎక్కే దారినే వెన్నుదాకా పోయి, అక్కడ సుద్దముక్కతో ఒక గీత గీసింది. జబ్బ ఎముక వెనక అంచు వెతికి అక్కడ ఇంకో గీత. "మీ బరువు ఈ రెండు గీతల మధ్యే ఉండాలి. ఆ వెనక ఉన్న నడుముకు కింద పక్కటెముకల ఆసరా లేదు" అంది. గుర్రాలకు మామూలుగా పద్ధెనిమిది జతల పక్కటెముకలు, అరబ్బీల్లో కొన్నిటికి పదిహేడే. అరబ్బీ వీపే పొట్టిది. నా తేనె రంగు జీను ఎత్తి ఆ గీతల మధ్య పెడితే వెనక గీత దాటి నాలుగు వేళ్ళు పోయింది. ఎందుకు పోయింది? నా కూర్చునే భాగం పెద్దది గనక పెద్ద సైజు సీటు ఎంచుకున్నాను, సీటు పెద్దదైతే కింద వీపుకు ఆనే మెత్త పలకలూ పొడుగే. దుకాణంలో ఎంత హాయిగా కూర్చున్నానో అంతా దాని నడుం మీదే వసూలైంది.

ఆ తరవాత జరిగింది మరిచిపోలేను. జీనును చుక్క మీద వేసి పట్టీ బిగించింది. నా కుడి చెయ్యి అరచేయి లోపలికి ఉండేలా జీను ముందు భాగం కింద, జబ్బ ఎముక వెనక దూర్చమంది. దూర్చాను. అప్పుడు వంగి చుక్క ముందుకాలు మోకాలి దగ్గర పట్టుకుని మెల్లగా ముందుకు సాచింది. లోపల ఎముక వెనక్కి తిరిగి వచ్చింది. ఒక పలక నా వేళ్ళ మీదుగా జరిగి జీను చట్రానికి నొక్కుకుంటున్నట్టు స్పష్టంగా తెలిసింది. "అమ్మా!" అని తెలుగులో అరిచాను. వేళ్ళు లాక్కోలేకపోయాను. ఆవిడ కాలు వదలకుండా, "ఇప్పుడు పైన ఎవరూ కూర్చోలేదు. గుర్రం నిలబడే ఉంది" అంది. కాలు వదిలింది. వేళ్ళు బయటికి తీసి చూసుకున్నాను, కణుపుల మీద తోలు కుట్టు అచ్చు పడింది.

నిలబడ్డ గుర్రాన్ని కొలిచి నేను గీసిన కాగితాలన్నీ ఆ ఒక్క అడుగుకి ఎందుకూ పనికిరాలేదు. గుర్రం అడుగు ముందుకు వేసినప్పుడల్లా జబ్బ ఎముక పై అంచు వెనక్కి తిరుగుతుంది. యాభై మైళ్ళలో ఎన్ని వేల అడుగులో! దిగుడులో జీను ముందుకి జారి ఇంకా మీద పడుతుంది. చుక్క తల ఎందుకు విసిరేదో, అడుగులు ఎందుకు కుదించేదో నా వేళ్ళకు తెలిసింది.

ఈ సందర్భంలోనే చెప్పాలి, సైనిక వస్తువుల ప్రదర్శనశాల ఒకదానిలో మెక్లెల్లన్ జీను చూసి నేను పగలబడి నవ్విన సంగతి. జార్జి మెక్లెల్లన్ 1850లలో యూరప్ సైన్యాలను చూసి రావడానికి అమెరికా పంపిన అధికారుల్లో ఒకడు. తిరిగి వచ్చి ఒక జీను నమూనా ఇచ్చాడు. 1859లో అమెరికా సైన్యం దాన్ని తీసుకుంది, ఆశ్విక దళం ఉన్నన్నాళ్ళూ మార్పులతో దాన్నే వాడింది. అంతర్యుద్ధంలో సేనాపతిగా లింకన్ ఆయన్ను తీసేశాడు, 1864లో లింకన్ మీదే అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయాడు. జీను మాత్రం ఓడలేదు. కొయ్య చట్రం, దాని మీద పచ్చితోలు, మధ్యలో వెన్ను పొడుగునా ఖాళీ సందు. కూర్చునేవాడికి నరకం. "మనిషిని ఇలా కూర్చోబెడతారా?" అని నవ్వాను. గుర్రం వెన్నుకు గాలి తగలాలని ఆ సందు. దండు కదలాలంటే సిపాయి పిర్రల కంటే గుర్రం వీపు ముఖ్యమని ఆ సైన్యానికి తెలుసు. అలాగని అది అన్ని గుర్రాలకూ సరిపోయేదని కాదు. వెడల్పు వీపు గుర్రాలకు దాంతోనూ పుండ్లు పడ్డాయి. కానీ గీసినవాడు ముందు ఎవరి గురించి ఆలోచించాడన్నది ఆ సందులో కనిపిస్తుంది.

నా సంగతి ఇంకా అయిపోలేదు. ఆ పెద్దావిడ నన్ను ఎక్కి తిప్పమంది, ఫోనులో వెనకనుంచి వీడియో తీసింది. చూస్తే జీను కుడిపక్కకు ఒరిగి ఉంది, నేనూ ఒరిగి ఉన్నాను. ఏళ్ళ తరబడి కుడి భుజానికి లాప్‌టాప్ సంచి, కుర్చీలో కుడి మోచేతి మీద వాలడం. అదొక్కటే కాదు. ట్రాట్ నడకలో గుర్రానికి ఒక ముందుకాలూ దాని ఎదుటి పక్క వెనకకాలూ కలిసి పడతాయి. దూరపు స్వారీలో ఎక్కువ మైళ్ళు ఆ నడకే. రౌతు ఒక జతతో లేచి, రెండో జతతో కూర్చుంటాడు. కాసేపటికోసారి ఈ జత మార్చాలి, లేకపోతే ఎప్పుడూ ఒకే పక్క మీద కూర్చున్నట్టవుతుంది. "మీరు ఏ జత మీద కూర్చుంటారు?" అని అడిగింది. నాకు తెలియదు. చూస్తే ఎప్పుడూ ఒకటే. నాకు హాయిగా ఉండేది. చుక్క ఎడమ జబ్బ ఎందుకు పెద్దదైందో అప్పటికి సగం అర్థమైంది. పుట్టుకతోనే ఒక పక్క పెద్దగా ఉండే గుర్రాలు చాలా ఉన్నాయి గానీ, నేను దానికి తోడ్పడలేదని ప్రమాణం చేయలేను.

బరువు లెక్క కూడా అడిగింది. మనిషీ సామానూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోవాలన్నది ఇక్కడ అందరూ చెప్పే లెక్క. చుక్క నాలుగు వందల కిలోలు. నేను, జీను, నీళ్ళ సీసాలు, రెండు ప్యాడ్లు, మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో సహా తూచితే ఎనభై ఎప్పుడో దాటిపోయాం. దూరపు స్వారీలో ఇంతకంటే ఎక్కువ మోసి బాగానే చేరిన అరబ్బీలు ఉన్నాయని వాటిని తలుచుకుని ధైర్యం చెప్పుకోబోయాను. ఆవిడ నా పొట్ట వైపు చూసింది. ఊరుకున్నాను.

అప్పటినుంచి తిండి తగ్గించాను, సంచి ఎడమ భుజానికి మార్చాను. చట్రం లేని జీన్లున్నాయి గదా, అవి వేస్తే పీడా పోతుందని కూడా ఒక ఊపు వచ్చింది. కొన్ని గుర్రాలకు అవి బాగా సరిపోతాయి. కానీ చట్రం లేనప్పుడు రికాబు పట్టీలు వేలాడే చోటే బరువంతా పడే ప్రమాదం ఉంది, నా బరువుకు అది మంచిది కాదంది. ఒప్పుకున్నాను. కనీసం అక్కడ వాదించలేదు.

ఇప్పుడు చుక్క మీద ఉన్నది సెకండ్ హ్యాండు జీను. రంగు వెలిసింది. సీటు నాకు ఒక సైజు చిన్నది, గంట దాటితే తొడలు నొప్పెడతాయి. దాన్ని కొనే ముందు ఇంటికి తెచ్చి వాడి చూసుకునే షరతు మీద తీసుకున్నాను. అలా తెచ్చి వెనక్కిచ్చినవి ఇంకా ఉన్నాయి. ప్యాడు లేకుండా వట్టి వీపు మీద వేసి, మూపు మీద నుంచి వెంట్రుకల వాటం వెంట వెనక్కి జార్చుకుంటూ పోతే అది తనంత తాను ఒక చోట ఆగుతుంది. అక్కడ ఆగినప్పుడు ముందు గీతా వెనక గీతా దాటకూడదు, చట్రం కాళ్ళ వాలు గుర్రం జబ్బ వాలుతో కలవాలి, చెయ్యి దూర్చి తడిమితే మొదటినుంచి చివరిదాకా ఒకే ఒత్తిడి తగలాలి. ఆ తరవాతే ఎక్కడం. ఎక్కి కొండ ఎక్కించి, దించి, చెమట పట్టేదాకా తిప్పి, దిగి మళ్ళీ వీపు నొక్కడం. దీనికి ఓపిక కావాలి, డబ్బు కాదు. నా దగ్గర ఉన్నది డబ్బు.

పలకల్లో ఉన్ని కూరి ఉంటుంది గనక ఆవిడ వచ్చి కుడిపక్క కాస్త ఎక్కువ నింపింది. వేసవిలో స్వారీలు పెరిగి చుక్క వీపు కండ కట్టినప్పుడు తీసింది, చలికాలం విశ్రాంతిలో కండ తగ్గినప్పుడు మళ్ళీ నింపింది. అయితే ఒకసారి సరిపోయిన జీను ఎప్పటికీ సరిపోతూనే ఉండదన్నమాట. ఇది విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఇంత తంటాలు పడి ఒక సమస్య తీర్చాక అది తీరినట్టే ఉండాలి గదా! నా ఉద్యోగంలో ఏ ప్రోగ్రామూ అలా ఉండలేదన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆ పశువైద్యురాలు తరవాత ఇంకో స్వారీలో కనిపించింది. చుక్క వీపు నొక్కి ఏ వేసింది. నేను కితకితల వాదన గుర్తుచేసి క్షమాపణ చెప్పబోతే ఆవిడకు ఆ రోజు గుర్తే లేదు. రోజుకి ఎంతమంది వాదిస్తారో. నాన్నకు ఫోను చేసి చెప్పాను. "మెడ చూడమన్నాను గదరా" అన్నాడు. వీపు అని సరిచేయలేదు.

హైదరాబాదులోనూ మన ఊళ్ళ చుట్టూనూ ఇప్పుడు స్వారీ బడులు పెరిగాయి. చాలాచోట్ల పందేల నుంచి రిటైరైన గుర్రాలే ఉంటాయి. వాటి మూపు ఎత్తుగా, సన్నగా ఉంటుంది, అరబ్బీ కొలతా వాటి కొలతా ఒకటి కాదు. ఒకే జీను పొద్దున ఒక గుర్రానికీ సాయంత్రం ఇంకో గుర్రానికీ వేసే చోట్లూ ఉన్నాయి. మీ పిల్లల్ని అలాంటి చోటికి పంపుతుంటే, క్లాసు అయ్యాక జీను తీసేదాకా అయిదు నిమిషాలు ఆగండి. వెన్నుకు రెండు పక్కలా రెండు వేళ్ళతో నొక్కి చూపించమని అక్కడివాళ్ళనే అడగండి. గుర్రం కుంగితే, లేదా మూపు వెనక తెల్ల వెంట్రుకల మచ్చలు కనిపిస్తే, ఆ జీను దానికి ఎవరు చూసి వేశారో, చివరిసారి ఎప్పుడు చూశారో అడగండి. పాత మచ్చలే అంటారు. అయినా అడగండి.